మ్యూనిక్‌లో తాగిన నల్ల బీరు హైదరాబాద్‌లో సోయా సాస్ ఎందుకైంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. 2012లో ఆఫీసు పని మీద మ్యూనిక్ వెళ్లినప్పుడు చెట్ల కింద బల్ల దగ్గర కూర్చుని మొదటిసారి డుంకెల్ తాగారు. డుంకెల్ అంటే ముదురు రంగు లాగర్, లాగర్ అంటే చల్లటి చోట మెల్లగా పులియబెట్టే బీరు. అంత మంచి బీరు మళ్లీ దొరకలేదని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉన్నారు. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపులో అదే లేబులు కనపడితే రెండు సీసాలు కొన్నారు. ఒకటి తెరిస్తే సోయా సాస్ వాసన, నీళ్లలా పల్చన, మింగాక వదలని చేదు. "బీరు మార్చేశారా, నా నోరు మారిందా, లేక అప్పుడూ ఇలాగే ఉంటే నేనే గొప్పగా ఊహించుకున్నానా? రెండో సీసా పారబోయమంటారా?" అని అడిగారు.

పారబోయకండి. దానితో పనుంది.

నేను పదకొండేళ్లుగా బీరు తయారీలో ఉన్నాను. ఎక్కువ కాలం హైదరాబాద్‌లోనే, అక్కడే తయారుచేసి అక్కడే గ్లాసులో పోసే చోట. నన్ను పందెం కాయమంటే సీసా మీద కాస్తాను. కానీ మీ మూడో అనుమానం, ఊహించుకున్నానా అన్నది, అంత తేలిగ్గా తీసేసేది కాదు. నా విషయంలో అదే జరిగింది, కాకపోతే తలకిందులుగా.

ముందు ఆ రంగు సంగతి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. 80, 85 డిగ్రీల దగ్గర ఆపేస్తే లేత మాల్ట్. మనం రోజూ చూసే పసుపు బీరు దానితోనే. వేడిని 100, 105 దాకా తీసుకెళితే మ్యూనిక్ మాల్ట్. గింజలో ఉన్న చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి రొట్టె పైపొర రంగు, ఆ వాసన పుట్టిస్తాయి. అదే గింజను డ్రమ్ములో వేసి 200 దాటిస్తే కాఫీ గింజలా నల్లబడుతుంది. మన వంటింటి భాషలో మొదటిది వేగడం, రెండోది మాడడం. ఉల్లిపాయ ముక్కలు బంగారు రంగుకు రావడానికీ, పోపులో ఎండుమిరపకాయ నల్లబడడానికీ ఉన్న తేడా అది.

మీరు తాగిన మ్యూనిక్ డుంకెల్‌లో దాదాపు అంతా వేగిన రుచే. కాల్చిన బ్రెడ్డు, పుట్నాలు, కాస్త తాటిబెల్లం. తూర్పు జర్మనీ వైపు చేసే ష్వార్ట్స్‌బియర్, అంటే అచ్చంగా 'నల్ల బీరు', వేరే దారిలో నడుస్తుంది. లేత మాల్ట్ ఎక్కువ వేసి, అందులో వందకు మూడు నాలుగు పాళ్లు మాడిన మాల్ట్ కలుపుతారు. ఒళ్లు తేలిక, రంగు ముదురు. చెక్ వాళ్ల ముదురు లాగర్ ఇంకో రకం, కొంచెం తీపి వైపు మొగ్గుతుంది. ప్రాగ్‌లో ఉ ఫ్లెకూ అనే చోట 1499 నుంచీ బీరు చేస్తున్నారు. అక్కడి నల్ల లాగర్‌ను 13 డిగ్రీలదని చెబుతారు. మనవాళ్లు అది చూసి 13 శాతం ఆల్కహాల్ అనుకుని రెండు గ్లాసులకే ఊగిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ డిగ్రీలు పులియక ముందు ద్రవంలో ఎంత చక్కెర సారం ఉందో చెప్పే లెక్క. ఆల్కహాల్ 5 శాతం చుట్టుపక్కలే ఉంటుంది.

నలుపును చూసి కిక్కు ఎక్కువనుకోవడం మన దగ్గర మరీ ఎక్కువ. మన వైన్ షాపుల్లో 'స్ట్రాంగ్' అని అమ్మే పసుపు బీరులో 8 శాతం దాకా ఉండొచ్చు. మీ డుంకెల్ దాని ముందు పసిబిడ్డ. అందుకే మీకు నీళ్లలా అనిపించడంలో కొంత పాపం ఇన్నేళ్ల అలవాటుది కూడా. ఇక్కడికొచ్చాక ఏం తాగుతున్నారో మీరు రాయలేదు, అడగను కూడా అడగను.

మ్యూనిక్ వాళ్లకు ముదురు రంగు మీద ప్రేమ ఎందుకని అడుగుతుంటారు. ప్రేమ కన్నా నీళ్లే కారణం. అక్కడి నీటిలో కార్బొనేట్లు ఎక్కువ. ఆ నీటితో లేత మాల్ట్ వండితే పీహెచ్ దిగదు, అంటే కావలసినంత పులుపు రాదు, చేదు గరుకుగా నాలుకను గీరుతుంది. ముదురు మాల్ట్‌లో సహజంగా ఉన్న పులుపు ఆ నీటిని సర్దుతుంది. చెక్ వాళ్ల పిల్సెన్ ఊళ్లో నీళ్లు మెత్తన, అందుకే 1842లో బంగారు రంగు పిల్సనర్ అక్కడ పుట్టగలిగింది. మ్యూనిక్‌లో స్పాటెన్ బ్రూవరీ వాళ్లు లేత రంగు హెల్లెస్‌ను అమ్మకానికి తెచ్చింది 1894లో. అప్పటిదాకా ఆ ఊళ్లో బీరంటే చాలావరకు గోధుమ రంగుదే. సరే, మీ సీసాకు వద్దాం.

బీరును సీసాలో ఎంత జాగ్రత్తగా నింపినా లోపల రవ్వంత ఆక్సిజన్ మిగులుతుంది, మూత సందుల్లోంచి ఇంకొంత చేరుతూ ఉంటుంది. పసుపు బీరు పాతబడితే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. ముదురు బీరు పాతబడే తీరు వేరు. ముందు ఎండుద్రాక్ష, ఆపైన షెర్రీ వైన్ లాంటి వాసన, బాగా ముదిరితే మీరు చెప్పిన సోయా సాస్. తాజా రొట్టె వాసన మొదట పోతుంది, దాంతో ఒళ్లు పల్చబడినట్టు అనిపిస్తుంది. తీపి వాసన తగ్గేసరికి అంతకుముందు దాని చాటున ఉన్న చేదు బయటికొస్తుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే రోగానివి. మీ నాలుక చాలా బాగా పనిచేస్తోంది, దాని మీద అనుమానం వద్దు.

ఇందులో అసలు దోషి వేడి. స్థూలంగా చెప్పాలంటే ప్రతి 10 డిగ్రీలకూ బీరు పాతబడే వేగం రెట్టింపవుతుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. 5 డిగ్రీల దగ్గర ఎనిమిది నెలల్లో జరిగేది 35 డిగ్రీల గోడౌన్‌లో ఒక్క నెలలో జరిగిపోతుంది. జర్మనీలో ఓడెక్కి, వారాల తరబడి ఇనుప కంటైనర్‌లో ప్రయాణించి, రేవులో కస్టమ్స్ కోసం ఆగి, డిపోలో ఆగి, షాపు వెనక గదిలో ఆగి మీ చేతికొచ్చింది ఆ సీసా. మధ్యలో ఒక్క మే నెల తగిలినా చాలు. లేబులు మీద 'ఫలానా తేదీలోగా వాడాలి' అన్నది చల్లటి చోట పెట్టిన సీసాకు. మీ సీసా ఎండాకాలం ఎక్కడ గడిపిందో ఆ తేదీకి తెలియదు. షాపువాడు కొన్న రోజు మీకు 'కూలింగ్' చేసి ఇచ్చాడు కదా అని మురిసిపోతే లాభం లేదు. ఎండలో ఉడికిన బీరును ఫ్రిజ్‌లో పెడితే చల్లటి ఉడికిన బీరు అవుతుంది.

ఆ కూలింగ్ గురించే ఇంకో మాట. మన దగ్గర బీరు మంచుగడ్డలా ఉండాలి, గ్లాసు మీద తెల్లటి పొర కట్టాలి, లేకపోతే సర్వర్‌తో గొడవ. పసుపు స్ట్రాంగ్ బీరుకు అదే మేలు, రుచి తెలియకపోవడమే దానికి రక్ష. డుంకెల్‌ను 2, 3 డిగ్రీల దగ్గర తాగితే మాల్ట్ వాసన ముక్కు దాకా లేవదు, చేదు ఒక్కటే నాలుక మీద కూర్చుంటుంది. దానికి 8, 9 డిగ్రీలు బాగుంటాయి. మ్యూనిక్‌లో మీ గ్లాసు బహుశా ఆ వేడిమిలోనే వచ్చి ఉంటుంది. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి తీసి చలికాలమైతే పావుగంట, ఎండాకాలమైతే ఏడెనిమిది నిమిషాలు బల్ల మీద ఉంచండి. గ్లాసును ఫ్రీజర్‌లో పెట్టకండి, సబ్బు నురగ మిగలకుండా కడిగి గాలికి ఆరనివ్వండి. నూనె చెయ్యి తగిలిన గ్లాసులో నురగ నిలవదు, నురగ లేకపోతే సగం వాసన పోయినట్టే.

ఇక నా కథ.

2008లో నేను జర్మనీలో యెనా అనే ఊళ్లో చదువుకునేవాణ్ణి. దానికి దగ్గర్లోనే గేరా పక్కన బాద్ కోస్ట్రిట్స్ అని చిన్న ఊరుంది, కోస్ట్రిట్సర్ అనే నల్ల లాగర్ అక్కడిదే. 1543 నాటి నుంచీ తమ చరిత్ర లెక్కేసుకుంటారు. జబ్బు పడినప్పుడు మహాకవి గేటే దీన్నే తాగి లేచాడని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. ఊరి గొప్ప చెప్పడంలో వాళ్లూ మనకేం తీసిపోరు. ఒక శనివారం సాయంత్రం సీనియర్ అన్న ఒకాయన "ఇక్కడికొచ్చి ఇది తాగకపోతే ఎలారా" అని తీసుకెళ్లాడు. ఒక గుక్క తాగి మిగతాది ఆయనకే ఇచ్చేశాను. అప్పట్లో పైసా పైసా లెక్క రాసుకునేవాణ్ణి. ఆ పుస్తకంలో ఆ రోజు ఇలా ఉంది: "నల్ల బీరు. మాడు కంపు. కషాయం. 2.80 దండగ."

2022లో మాల్ట్ కొనుగోలు పని మీద బాంబెర్గ్ వెళ్లి, తిరుగు దారిలో యెనాలో ఒక రాత్రి ఆగాను. అదే బీరు, ట్యాప్ నుంచి. నేనిప్పుడు వృత్తిరీత్యా రుచులు రాసేవాణ్ణి కాబట్టి అలవాటుగా ఫోన్‌లో రాసుకున్నాను: "అడుగంటిన పాలు. గోకుడు. చక్కెర లేని డికాక్షన్. చివర శుభ్రంగా ఆరిపోతుంది. ఇంకొకటి." ఇంటికొచ్చి అటక మీద పాత పెట్టెలో లెక్కల పుస్తకం వెతికి తీశాక అరగంట నవ్వుకున్నాను. మాడు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కషాయం అప్పుడూ ఉంది, ఇప్పుడు దాన్ని డికాక్షన్ అన్నాను. నాలుక రెండుసార్లూ దాదాపు ఒకే సంగతి చెప్పింది. మొదటిసారి దానికి వేసిన శిక్షను రెండోసారి రద్దు చేశానంతే. పాలగిన్నె అడుగు గోకుడు కోసం చిన్నప్పుడు మా అక్కతో జుట్లు పట్టుకున్నవాణ్ణి, అదే వాసన గ్లాసులోంచి వస్తే కంపన్నాను!

ఎందుకన్నానో ఇప్పుడు తెలుసు. నల్లగా, బుడగలతో, గ్లాసులో ఏదైనా కనపడితే ఆ వయసులో నాకు థమ్సప్పే. కన్ను తీపి అని చెప్పేసింది, నాలుక తీపికి సిద్ధమై కూర్చుంది, చేదు తగిలేసరికి మోసపోయినట్టయింది. ఇది నా ఒక్కడి అమాయకత్వం కాదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ విద్య చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. ఆ ప్రయోగం 2001లో అచ్చయింది. చదువుకున్న ముక్కులే రంగుకు లొంగాయి. రెండోది, చేదు అలవాటుతో వచ్చే ఇష్టం. పదేళ్లప్పుడు కాకరకాయ కూర చూసి పారిపోయినవాళ్లే నలభైలో కారం పెట్టిన కాకరకాయ ఇంకోటి వడ్డించమంటారు. ఆ రెండుసార్ల మధ్యకాలంలో నేను రోజూ చక్కెర లేని కాఫీ మీద బతికాను.

బీరు కూడా మారుతుంది, ఆ మాట కొట్టేయలేను. యెనాలో మా ఇంటి యజమానురాలికి అప్పటికే డెబ్భై దాటాయి. బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో కోస్ట్రిట్సర్ ఇంత పొడిగా ఉండేది కాదని, తియ్యగా ఉండేదని, ఆమె బాలింతగా ఉన్నప్పుడు వాళ్లమ్మ బలమని చెప్పి తాగించేదని అనేది. (మా అమ్మమ్మ అదే నమ్మకంతో వెల్లుల్లి కారం పెట్టేది. ఇవాళ ఏ డాక్టరూ బాలింతకు బీరు రాయరు లెండి.) 1991లో ఆ బ్రూవరీ బిట్‌బుర్గర్ అనే ఇంకో బీరు కంపెనీ చేతికి వెళ్లింది. ఇప్పుడు తాగేది 4.8 శాతం, శుభ్రంగా ముగిసే లాగర్. ఆమె మళ్లీ తాగి "ఇది అది కాదు" అంటే, అది జ్ఞాపకం తప్పు కాదు, నిజమే. మీ మ్యూనిక్ బీరు వంటకం 2012 తర్వాత మారిందా అంటే, మారినా మీరు చెప్పిన సోయా సాస్ దానివల్ల రాదు. ఏ తయారీదారూ దాన్ని కావాలని పెట్టడు.

మీ జ్ఞాపకంలో ఏముందో కూడా ఒకసారి లెక్కేయండి. రోజంతా తిరిగి అలిసిన కాళ్లు, సాయంత్రపు చల్లగాలి, పక్కన వేయించిన పంది మాంసం ప్లేటు, పీపాలోంచి నేరుగా పోసిన తాజా బీరు, బిల్లు కంపెనీది. వీటిలో సీసాలో పట్టేవి ఎన్ని? మీరు అప్పుడేమైనా రాసి పెట్టుకున్నారా? నా దండగ లెక్క లాంటి ఒక్క ముక్క ఉన్నా చాలు. లేకపోతే మీ దగ్గరున్నది రుచి కాదు, 'అద్భుతం' అన్న తీర్పు. దానితో ఏ సీసా పోటీ పడలేదు.

అయినా తేల్చుకోవాలంటే ఒక దారుంది. ఈ ఊళ్లో అక్కడే బీరు చేసే చోట్లలో డార్క్ లాగర్ ఎక్కడ ఉందో కనుక్కోండి. 'డార్క్ బీర్' అంటే చాలామంది స్టౌట్ తెచ్చిపెడతారు, అది వేరే జాతి. మేం స్టౌట్ ఎక్కువగా చేయడానికి కారణం డబ్బు. స్టౌట్ రెండు వారాల్లో ట్యాంకు ఖాళీ చేస్తుంది. లాగర్ ఈస్ట్ 10 డిగ్రీల చుట్టుపక్కల మెల్లగా పులియబెట్టి, తర్వాత సున్నా దగ్గర వారాల కొద్దీ పడుకుంటుంది, మొత్తం నెల పైనే. అంతసేపు ట్యాంకు బిగబట్టుకోవడానికి యజమాని గుండె ధైర్యం కావాలి. కాబట్టి "లాగరా, స్టౌటా? ఎన్నాళ్లు ట్యాంకులో ఉంచారు?" అని అడగండి. సర్వర్‌కు తెలియకపోతే లోపలున్న మాలాంటివాణ్ణి పిలవమనండి, ఎవరైనా అడిగితే మాకు పండగే.

దొరికిన తాజా ముదురు లాగర్ ఇంటికి ఇస్తారేమో అడిగి, ఇస్తే ఒక సీసా తెచ్చుకుని మీ రెండో సీసా పక్కన పెట్టండి. రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి. ఇంట్లోవాళ్లను మూడు స్టీలు గ్లాసుల్లో పోయమనండి, రెండింట్లో ఒక బీరు, మూడో దాంట్లో రెండోది, మీరు చూడకుండా. రంగు కనపడకుండా స్టీలు గ్లాసు మన ఇళ్లలో ఉండడం ఎంత అదృష్టమో ఐరోపా వాళ్లకు తెలియదు. వేరేది ఏదో మీరు చెప్పాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి వరస మార్చి ఆరుసార్లు చేయండి, గ్లాసుకు రెండు గుక్కలు చాలు. ఐదు సరిగ్గా చెబితే మీ నాలుకను నమ్మొచ్చు. నాలుగంటే గాలివాటం అయ్యుండొచ్చు. మధ్యలో నీళ్లు, ఉప్పు లేని మరమరాలు. పచ్చిమిర్చి బజ్జీ వద్దు, కారం తగిలిన నోటికి రుచి సరిగ్గా తెలియదు.

ఒక హెచ్చరిక. బ్రాండ్లు వేరు కాబట్టి తేడా తెలియడం పెద్ద విశేషం కాదు, తేడా ఎందులో ఉందన్నది రాసుకోండి. రొట్టె వాసన తాజా దానిలో ఉండి మీ సీసాలో లేకపోతే, ఎండుద్రాక్షో సోయానో మీ సీసాలోనే ఉంటే, మీకు జవాబు దొరికినట్టే. అప్పుడు మూత దగ్గర, మెడ పట్టీ మీద ఉన్న తేదీ కూడా చూసి రాయండి.

పరీక్షకు సీసా మొత్తం ఖర్చు కాకపోవచ్చు. మిగిలింది తాగాలనిపించకపోతే కిలో మటన్‌కు పనికొస్తుంది. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, అవి నీళ్లు వదిలి ఇంకిన తర్వాత ఒక గ్లాసు బీరు పోసి మూత పెట్టి సన్నని మంట మీద ఉడకనివ్వండి. మూత తీసి ఎక్కువగా ఇగరబెట్టొద్దు, హాప్స్ (బీరులో చేదు కోసం వేసే పువ్వులు) చేదు చిక్కబడుతుంది. చివర్లో సుపారీ అంత బెల్లం ముక్క వేయండి. సోయా సాస్ వాసన అక్కడ ఎవరికీ అభ్యంతరం కాదు.